మూడు మరమ్మతులు పడిన 1973 నాటి బేస్‌మన్ 50 వాల్వు యాంప్లిఫయర్: పని ఎక్కడ మొదలుపెట్టాలి?

బరంపురం బేస్ (ప్రశ్న)

నమస్కారం. మాది గంజాం జిల్లా బరంపురం. మా మేనమామ గారు సరుకు ఓడల మీద ఉద్యోగం చేసిన రోజుల్లో అమెరికాలో కొని తెచ్చుకున్న ఫెండర్ కంపెనీ బేస్‌మన్ 50 వాల్వు (గాజు ట్యూబు) యాంప్లిఫయర్ ఇప్పుడు నా దగ్గరికి వచ్చింది. సెలవులకు ఊళ్లో ఉన్నంత కాలం ఆయన ఇక్కడి మెలోడీ పార్టీల్లో బేస్ గిటార్ వాయించేవారు. మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణీ యాత్రలో ఈ పెట్టె మోగిన సంగతి మా వీధి పెద్దవాళ్లకు ఇప్పటికీ గుర్తే. దీన్ని అమ్మే ఉద్దేశం గాని, ఇంట్లో అలంకారంగా నిలబెట్టే ఉద్దేశం గాని నాకు లేవు. మళ్లీ వేదిక మీద వాయించడానికి పనికివచ్చేలా చేయాలన్నదే నా కోరిక.

వాల్యూమ్ కంట్రోళ్ల వీపు మీద 1377318 అనే అంకె ఉంది. అందులో 137 అంటే సీటీఎస్ కంపెనీ, 73 అంటే సంవత్సరం, 18 అంటే ఆ సంవత్సరంలో వారం అని తెలుసుకున్నాను కాబట్టి, యంత్రం తయారైంది 1973 మే నెలకు ముందు కాదని అనుకుంటున్నాను. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మీద షూమాకర్ కంపెనీ సంకేతమైన 606 కనిపిస్తోంది గనుక అది మొదటిదే అయి ఉండాలి. మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం మొదటిది కాదు. ఇది 120 వోల్టులకు తయారైన యంత్రమని తెలియక ఎవరో నేరుగా 230 వోల్టుల ప్లగ్గులో పెట్టడంతో అది కాలిపోయిందట. మా ఊళ్లోనే మోటార్లకు వైండింగు చేసే ఒకాయన 230 వోల్టులకు కొత్తది చుట్టి ఇచ్చారు. అది మొదటి మరమ్మతు.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను వచ్చిన రాత్రి గది పైకప్పు రేకులు లేచిపోయి ఈ పెట్టె తడిసింది. తరువాత ఒక దుకాణంలో కెపాసిటర్లు మార్చారు. అప్పుడే మూడు తీగల కరెంటు తాడును కోసేసి రెండు పిన్నుల తాడు వేశారు. ఆ తరువాత కొన్నేళ్లకు పవర్ వాల్వులైన (స్పీకరును నడిపే పెద్ద వాల్వులు) 6ఎల్6జీసీలు దొరకలేదని మరొకరు వాటి స్థానంలో ఈఎల్34 వాల్వులు పెట్టారు. సాకెట్ ఒకటే కాబట్టి అవి తిన్నగానే కూర్చున్నాయి.

ప్రస్తుతం పరిస్థితి ఇది. వాల్యూమ్ సున్నాలో ఉన్నా పెద్ద హమ్ (గుయ్‌మనే మోత) వస్తోంది. స్విచ్చు వేసిన కొద్ది నిమిషాలకే రెండు పవర్ వాల్వుల్లో ఒకదాని ప్లేటు (లోపలి లోహపు రేకు) ఎర్రగా కాలడం మొదలవుతోంది. గిటార్ తీగల మీద చేయి ఉంచి మైకు తాకితే షాక్ కొడుతోంది. ఫ్యూజు హోల్డరు విప్పితే అందులో ఫ్యూజు లేదు, రాగి తీగ పోగు ఒకటి చుట్టి ఉంది. లోపల సోల్డరింగ్ పేస్టు మరకలు, ఇన్సులేషన్ టేపు చుట్టిన అతుకులు కనిపిస్తున్నాయి.

నా ప్రశ్న ఒక్కటే. అంతా పీకేసి సర్క్యూట్ డయాగ్రమ్ ప్రకారం మొదటి నుంచి కట్టుకోవాలా, లేక ఉన్నదానిలోని లోపాలను ఒక్కొక్కటిగా వెతికి సరిచేయాలా? సోల్డరింగ్ నాకు బాగానే వచ్చు. మల్టీమీటర్ ఉంది. హై వోల్టేజీ యంత్రాల్లో మాత్రం ఇంతవరకు చేయి పెట్టలేదు.


జయపురం వర్క్‌షాపు

బరంపురం బేస్ గారికి నమస్కారం. నేను కోరాపుట్ జిల్లా జయపురంలో ఉంటాను. చర్చిల్లో వాడే యాంప్లిఫయర్లు, పాత వాల్వు రేడియోలు బాగుచేయడం నా వృత్తి. మీ ప్రశ్నకు నా సమాధానం ముందే చెబుతాను. అంతా పీకేయవద్దు. ఫ్యాక్టరీలో చేసిన పని ఏది, తరువాత పడిన చేతుల పని ఏది అన్నది వేరుచేసి, ఆ రెండోదాన్ని మాత్రమే విప్పండి. యాభై ఏళ్లు నిలిచిన సోల్డరింగ్‌ను కదిలించాల్సిన పని లేదు.

దీనికంటే ముందు చేయవలసినది ఒకటి ఉంది. ఆ యంత్రాన్ని ఇక ప్లగ్గులో పెట్టకండి. ప్లగ్గు తీసేసినా, హై వోల్టేజీని నిలకడగా ఉంచే ఫిల్టర్ కెపాసిటర్లలో 400 వోల్టులకు పైగా చాలాసేపు నిలిచి ఉండవచ్చు. ముఖ్యంగా పాత మరమ్మతులో వాటి మీది రెసిస్టర్లు తీసేసి ఉంటే అవి వాటంతట అవి ఖాళీ కావు. 10 కిలో ఓముల, 5 వాట్ల రెసిస్టర్‌కు రెండు వైపులా ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులు కట్టి, ఒకటి చాసిస్‌కు (విడిభాగాలు బిగించిన లోహపు చట్రానికి), రెండోది కెపాసిటర్ పాజిటివ్ కొసకు తగిలించి, కాసేపు ఉంచి, మీటరు పెట్టి సున్నాకు వచ్చిందో లేదో చూశాకే చేయి పెట్టాలి. స్క్రూడ్రైవరుతో షార్ట్ చేసే అలవాటు మన దుకాణాల్లో ఉంది కాని, అది కెపాసిటర్‌కూ మంచిది కాదు, మనిషికీ మంచిది కాదు.

షాక్ విషయం. ఆ కాలపు ఫెండర్ యంత్రాల వెనక గ్రౌండ్ స్విచ్ ఒకటి ఉంటుంది. దాని గుండా 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి మెయిన్స్ తీగకూ చాసిస్‌కూ మధ్య ఉంటుంది. ఎర్త్ ఉన్నప్పుడు దాని ఉనికి మనకు తెలియదు. ఎర్త్ తీగ కోసేసి, 230 వోల్టుల మీద నడిపితే, ఆ కెపాసిటర్ పూర్తిగా ఆరోగ్యంగా ఉన్నా సుమారు 3.4 మిల్లీ యాంపియర్ల కరెంటు చాసిస్ గుండా గిటార్ తీగలకు, అక్కడి నుంచి మీ చేతికి రావడానికి సిద్ధంగా ఉంటుంది. అదే కెపాసిటర్ షార్ట్ అయితే 230 వోల్టులూ మీ తీగల మీదే ఉంటాయి. కాబట్టి దాన్ని కత్తిరించి తీసేయండి. స్విచ్‌ను ఊరికే అలా ఉండనివ్వండి. మూడు తీగల తాడు వేసి, ఆకుపచ్చ తీగను చాసిస్‌కు విడిగా బోల్టు, నట్టు పెట్టి బిగించండి. తాడు ఎప్పుడైనా లాగుడుకు గురైతే ఫేజు, న్యూట్రల్ ముందు ఊడి, ఎర్త్ చివరన ఊడేలా దాని పొడవు కొంచెం ఎక్కువ ఉంచండి. ఫ్యూజు 230 వోల్టుల దగ్గర 1 యాంపియర్ స్లో బ్లో (కొంచెం ఆగి కాలే రకం) చాలు.

ఇక ఈఎల్34 వాల్వులు. అవి సాకెట్‌లో కూర్చున్నంత మాత్రాన సరిపోయినట్టు కాదు. వాల్వులో కాథోడ్ నుంచి ప్లేటుకు ఎలక్ట్రాన్లు పోతాయి, ఆ దారిలో ఉండే తీగ జాలీలే గ్రిడ్లు. ఈఎల్34లో 1వ పిన్ను సప్రెసర్ గ్రిడ్. దాన్ని 8వ పిన్నైన కాథోడ్‌తో కలపాలి. 6ఎల్6జీసీకి 1వ పిన్ను అవసరం లేదు కాబట్టి, ఫెండర్ వారు ఖాళీగా ఉన్న ఆ పిన్నును తీగల అతుకుకు వాడుకుని, 1.5 కిలో ఓముల గ్రిడ్ రెసిస్టర్‌ను 1వ పిన్ను నుంచి 5వ పిన్నుకు సోల్డర్ చేశారు. అంటే మీ ఈఎల్34ల సప్రెసర్ గ్రిడ్ మీద ఇప్పుడు బయాస్ (వాల్వు కరెంటును అదుపులో ఉంచే) నెగటివ్ వోల్టేజీతో పాటు గిటార్ సిగ్నల్ కూడా పడుతోంది. అలాగే 6ఎల్6జీసీ హీటరు (వాల్వును లోపల వేడిచేసే పోగు) 0.9 యాంపియర్లు తీసుకుంటే ఈఎల్34 హీటరు 1.5 తీసుకుంటుంది. చిన్న వాల్వులు మూడింటినీ కలుపుకుంటే హీటరు వైండింగు మీద 2.7 యాంపియర్లు పడవలసిన చోట 3.9 పడుతోంది. ఎంత మందం తీగతో చుట్టారో తెలియని ట్రాన్స్‌ఫార్మర్ మీద అంత అదనపు భారం పెట్టకూడదు. వాటిని తీసి జాగ్రత్తగా దాచుకోండి, వేరే యంత్రానికి పనికివస్తాయి.

ప్లేటు ఎర్రబడటానికి నేను మొదట అనుమానించేది బయాస్ కెపాసిటర్‌ను. యంత్రమంతటా ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల నెగటివ్ కాలు చాసిస్‌కు వెళుతుంది. బయాస్ సరఫరా ఒక్కటే నెగటివ్ వోల్టేజీ కాబట్టి అక్కడ పాజిటివ్ కాలు చాసిస్‌కు వెళ్లాలి. తొందరలో పనిచేసేవారు అలవాటు కొద్దీ దాన్నీ మిగతావాటిలాగే వేసేస్తారు. తిరగేసి వేసిన కెపాసిటర్ వెంటనే పేలదు. లోలోపల కరెంటు లాగుతూ, నెగటివ్ 50 దాకా ఉండవలసిన బయాస్‌ను 30కి అటూ ఇటూ దించేస్తుంది. అప్పుడు వాల్వుకు పగ్గం ఉండదు, కరెంటు విపరీతంగా లాగి ప్లేటు ఎర్రబడుతుంది. మీరు చాసిస్ తిప్పి పెట్టి, ఆ ఒక్క కెపాసిటర్ ఎటు ఉందో చూసి చెప్పండి. కొత్తది వేసేటప్పుడు 100 వోల్టుల రకం వేయండి.


పర్లాకిమిడి రేడియో

బాబూ, నేను ఆకాశవాణి ఇంజినీరింగ్ విభాగంలో పనిచేసి విరమించినవాణ్ణి. పర్లాకిమిడిలో ఉంటున్నాను. జయపురం వారు చెప్పిన ప్రతి మాటా సరైనదే. వాటికి రెండు మూడు విషయాలు కలుపుతాను. ఒక దగ్గర మాత్రం నా అభిప్రాయం వేరు.

తుపానులో తడిసిందన్నావు గనుక ముందు ఆ నల్లటి ఫైబరు పలకను అనుమానించాలి. ఆ రోజుల్లో విడిభాగాలన్నిటినీ రింగులు బిగించిన ఫైబరు పలక మీద సోల్డర్ చేసేవారు. ఆ పలక తేమ పీల్చుకుంటే కొద్దికొద్దిగా కరెంటును ప్రవహింపజేస్తుంది. బరంపురానికి గోపాల్‌పూర్ సముద్రం ఎంతో దూరం లేదు కాబట్టి తుపాను లేకపోయినా గాలిలోని తేమ దానికి చాలు. దీనికి పరీక్ష సులువు. వాల్వులన్నీ తీసేసి, హై వోల్టేజీ ఉన్న స్థితిలో, మీటరు నల్ల తీగను చాసిస్‌కు క్లిప్పుతో బిగించి, ఒక చేయి వెనక్కి పెట్టుకుని, ఎర్ర ప్రోబ్ కొనను రింగుల మధ్య ఖాళీగా ఉన్న పలక మీద ఆనించాలి. వోల్టులో ఏ కొద్ది భాగమో చూపిస్తే పరవాలేదు. పలక మీదే అయిదు, పది వోల్టులు చూపిస్తే అది చెడినట్టు. సోల్డరింగ్ పేస్టు మరకలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోను, గట్టి బ్రష్‌తోను కడిగి, జుట్టు ఆరబెట్టే యంత్రంతో మెల్లగా వేడిచేసి ఆరబెట్టి, మళ్లీ కొలిచి చూడు. చాలాసార్లు అంతటితో పోతుంది. ఒకటి రెండు చోట్ల పోకపోతే ఆ అతుకును పలక మీద నుంచి లేపి గాలిలో కట్టుకోవచ్చు.

రెండోది ఫిల్టర్ కెపాసిటర్లు. చాసిస్ పై వైపు ఉండే రేకు మూత విప్పి చూడు. అందులో మొదటి రెండు 350 వోల్టుల కెపాసిటర్లు ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో ఉండాలి. ఒక్కొక్కదాని మీద 220 కిలో ఓముల, 1 వాట్ రెసిస్టర్ ఉండాలి. వోల్టేజీ రెండింటి మధ్య సమానంగా పంచుకోవడానికీ, స్విచ్ తీశాక ఖాళీ కావడానికీ ఆ రెసిస్టర్లే ఆధారం. టీవీల మరమ్మతుకు అలవాటు పడినవారు ఆ జంటను తీసేసి 400 లేదా 450 వోల్టుల కెపాసిటర్ ఒక్కటి పెట్టడం నేను చూశాను. వాల్వులు వేడెక్కక ముందు కొన్ని సెకన్లపాటు అక్కడ వోల్టేజీ 500 దాకా పోవచ్చు. అలా పెట్టిన కెపాసిటర్ తల ఉబ్బడానికి ఎక్కువ కాలం పట్టదు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లన్నింటినీ కొలవకుండానే మార్చు. 105 డిగ్రీలకు తయారైనవి తీసుకో. ఒక దశ నుంచి తరువాతి దశకు సిగ్నల్‌ను మాత్రమే దాటించే పాలిస్టర్ కప్లింగ్ కెపాసిటర్లు మాత్రం జయపురం వారు అన్నట్టే, కొలిచి, చెడినవే మార్చు.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు సీరీస్ బల్బు బోర్డు లేకుండా ఇవ్వవద్దు. 100 వాట్ల పాత పోగు బల్బు ఫేజులో సిరీస్‌గా ఉండాలి, ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. పవర్ వాల్వులు లేకుండా స్విచ్ వేసినప్పుడు బల్బు ఒక్కసారి మెరిసి బాగా మసకబారితే లోపల పెద్ద షార్ట్ లేనట్టు. వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపేయాలి.

నా అభిప్రాయం వేరన్నది ఆ చుట్టించిన ట్రాన్స్‌ఫార్మర్ గురించి. మోటార్ల వైండింగు వేరు, 500 వోల్టుల వైండింగు వేరు. పొరల మధ్య కాగితం సరిగ్గా పెట్టారో లేదో, ఎంత మందం తీగ వాడారో మనకు తెలియదు. నేనైతే దాన్ని తీసేయించి కొత్తది చుట్టిస్తాను.


జయపురం వర్క్‌షాపు

పర్లాకిమిడి మాస్టారు చెప్పిన భయం నిజమే. అయినా నాది చిన్న మనవి. కాలకుండా ఇన్నేళ్లు, ఈఎల్34ల అధిక భారం మీద కూడా నిలిచిందంటే, దాన్ని కొలవకుండా తీసేయడం తొందరపాటు అవుతుందేమో. ముందు అది ఇచ్చే వోల్టేజీలు చూద్దాం, తరువాత వేడి సంగతి చూద్దాం.

బరంపురం బేస్ గారూ, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ బతికి ఉందో లేదో కూడా ఇప్పుడే తేల్చుకోండి. ఎందుకంటే మీ పునరుద్ధరణకు విలువ అంతా అక్కడే ఉంది. పవర్ వాల్వులు తీసేసి, స్పీకరు కూడా తీసేసి, రెండు ప్లేటు తీగల మధ్య చిన్న ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 12 వోల్టుల ఏసీ ఇవ్వండి. సెంటర్ తీగ నుంచి ఒక్కొక్క ప్లేటుకు సుమారు 6 వోల్టులు సమానంగా రావాలి. స్పీకరు వైపు 0.4 వోల్టుకు దగ్గరగా రావాలి. ఇందులో ఒక కిటుకు ఉంది. ఫెండర్ స్పీకరు జాక్‌లో ప్లగ్గు లేనప్పుడు అవుట్‌పుట్ దానంతట అదే షార్ట్ అవుతుంది. స్పీకరు లేకుండా ఎవరైనా స్విచ్ వేస్తే ట్రాన్స్‌ఫార్మర్‌ను కాపాడటానికే ఆ ఏర్పాటు. కాబట్టి తీగలు పెట్టని ఖాళీ ప్లగ్గు ఒకటి జాక్‌లో దూర్చి కొలవండి. ఖాళీ ప్లగ్గు లేకుండానే వోల్టేజీ వస్తోందంటే ఎవరో జాక్‌ను మామూలుదానితో మార్చేశారని అర్థం. అప్పుడు షార్టింగ్ జాక్ మళ్లీ వేయాలి. ఒక మాట జాగ్రత్త. ఆ 12 వోల్టులను పొరపాటున స్పీకరు వైపు ఇస్తే ప్లేటు తీగల మీద వందల వోల్టులు వస్తాయి.

పవర్ వాల్వు సాకెట్లలో 2, 3 పిన్నుల మధ్య నల్లటి గీత ఉందేమో భూతద్దంతో చూడండి. 3 ప్లేటు, 2 హీటరు. అక్కడ ఒకసారి మెరుపు కొడితే సాకెట్ కాలి బొగ్గు గీత పడుతుంది. ఆ బొగ్గు కరెంటును మోస్తుంది. గీకి శుభ్రం చేసినా నమ్మలేము, సాకెట్ మార్చడమే మార్గం. 4, 6 పిన్నుల మధ్య ఉండే 470 ఓముల స్క్రీన్ రెసిస్టర్లనూ కొలవండి. ప్లేటు ఎర్రబడేలా నడిచిన యంత్రంలో అవి బాగా ఉండటం అరుదు.


బరంపురం బేస్

మాస్టారికి, జయపురం వారికి కృతజ్ఞతలు. చెప్పినట్టే కెపాసిటర్లను ఖాళీ చేసి, ప్రతి అతుకునూ ఫోటో తీసి, డయాగ్రమ్ పక్కన పెట్టి చూశాను.

బయాస్ కెపాసిటర్ తిరగేసే ఉంది. దాని పాజిటివ్ కాలు డయోడ్ వైపు, నెగటివ్ కాలు చాసిస్‌కు సోల్డర్ చేసి ఉంది. పై కవరు ఒక వైపు కొంచెం ఉబ్బి, కాలు మొదట్లో గోధుమ రంగు మరక పట్టి ఉంది. రేకు మూత కింద సిరీస్ జంట స్థానంలో 450 వోల్టుల కెపాసిటర్ ఒక్కటే ఉంది, 220 కిలో ఓముల రెసిస్టర్లు రెండూ లేవు. ఒక పవర్ సాకెట్‌లో సరిగ్గా మీరన్న చోటే బొగ్గు గీత కనిపించింది. స్పీకరు జాక్ మామూలుదే. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం బాగుంది: 12.2 వోల్టులు ఇస్తే రెండు వైపులా 6.1 చొప్పున, స్పీకరు వైపు 0.38 వచ్చింది.

ఎలక్ట్రోలిటిక్‌లన్నీ, సాకెట్, జాక్, స్క్రీన్ రెసిస్టర్లు మార్చి, తాడు మూడు తీగలది వేసి, గ్రౌండ్ కెపాసిటర్ తీసేశాక, పవర్ వాల్వులు లేకుండా సీరీస్ బల్బు మీద పెట్టాను. బల్బు మసకబారింది. పలక మీద మాస్టారు చెప్పిన పరీక్షలో ప్రీయాంప్ (గిటార్ సిగ్నల్‌ను మొదట పెంచే భాగం) వైపు ఏమీ లేదు గాని, ఫేజ్ ఇన్వర్టర్ (సిగ్నల్‌ను రెండు పవర్ వాల్వులకు ఎదురెదురుగా పంచే భాగం) దగ్గర పేస్టు మరక ఉన్న చోట 7 వోల్టులు చూపించింది. కడిగి, ఆరబెట్టాక అర వోల్టు కంటే తగ్గింది.

ఇంకా రెండు అనుమానాలు ఉన్నాయి. బల్బు తీసి నేరుగా ఇచ్చాక, బయాస్ బ్యాలన్స్ కంట్రోల్ మధ్యలో పెట్టి చూస్తే, ఒక సాకెట్ 5వ పిన్ను దగ్గర నెగటివ్ 54, రెండో దగ్గర నెగటివ్ 45 ఉన్నాయి. ఇంత తేడా ఉండవచ్చా? రెండోది, కొత్త ట్రాన్స్‌ఫార్మర్ నుంచి హీటరుకు రెండు తీగలే వచ్చాయి. ఆ తీగలకూ చాసిస్‌కూ మధ్య ఎక్కడా సంబంధం లేదు. డయాగ్రమ్‌లో మాత్రం హీటరుకు చాసిస్‌తో సంబంధం ఉంది.


జయపురం వర్క్‌షాపు

రెండూ సరిగ్గా పట్టుకున్నారు. మీ హమ్‌లో పెద్ద వాటా హీటరుదే. హీటరు వైండింగు చాసిస్‌తో ఏ సంబంధమూ లేకుండా తేలుతూ ఉంటే దాని 50 సైకిళ్ల ఏసీ చిన్న వాల్వుల కాథోడ్లలోకి కారుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌ను ముట్టుకోకుండానే దీన్ని సరిచేయవచ్చు. పైలట్ ల్యాంపు సాకెట్ దగ్గర, రెండు హీటరు తీగల్లో ఒక్కొక్కదాని నుంచి చాసిస్‌కు 100 ఓముల, అర వాట్ రెసిస్టర్ ఒక్కొక్కటి వేయండి. రెండూ ఒకే విలువ ఉండేలా మీటరుతో ఏరుకోండి. హీటరు తీగలు విడివిడిగా పరిచి ఉంటే ఒకదానితో ఒకటి మెలివేసి, చాసిస్ మూలల వెంట పోనివ్వండి.

పవర్ వాల్వులు లేనప్పుడు గ్రిడ్ కరెంటు అనేది లేదు, బ్యాలన్స్ మధ్యలో ఉంది. అయినా 9 వోల్టుల తేడా ఉందంటే, తక్కువ నెగటివ్ ఉన్న వైపు కప్లింగ్ కెపాసిటర్ గుండా ఫేజ్ ఇన్వర్టర్ ప్లేటు వోల్టేజీ కారుతోందని అర్థం. ఖాళీ చేశాక ఆ కెపాసిటర్ గ్రిడ్ వైపు కాలు లేపి, ఆ కాలుకూ చాసిస్‌కూ మధ్య మీటరు డీసీలో బిగించి, మళ్లీ స్విచ్ వేయండి. మంచిదైతే మొదట్లో కొంచెం చూపించి సున్నా వైపు దిగిపోతుంది. కారేదైతే కొన్ని పదుల వోల్టుల దగ్గర నిలబడిపోతుంది. మార్చేటప్పుడు డయాగ్రమ్‌లోని విలువే, 600 వోల్టులకు తగ్గకుండా తీసుకోండి. రెండో వైపు దాన్నీ ఇదే విధంగా కొలిచి, బాగుంటే వదిలేయండి.

వాల్వుల కోసం కష్టపడనక్కరలేదు. 6ఎల్6జీసీలు స్లొవాకియాలోను, రష్యాలోను ఇంకా తయారవుతున్నాయి, జోడీగా సరిచూసినవి కొనండి. ప్రీయాంప్‌లోని 7025కు 12ఏఎక్స్7 గాని, ఈసీసీ83 గాని పెట్టవచ్చు. ఫేజ్ ఇన్వర్టర్‌లో మాత్రం 12ఏటీ7 ఉండాలి, దానికి యూరోపు పేరు ఈసీసీ81. కెపాసిటర్లు, సాకెట్లకు మీకు హైదరాబాదు గుజరాతీ గల్లీ కంటే కలకత్తా చాందినీ చౌక్ దగ్గర, హావ్‌డా మెయిల్ ఎక్కితే చాలు.

వాల్వులు వచ్చాక బయాస్ ఇలా చూడండి. ప్రతి పవర్ వాల్వు 8వ పిన్నును చాసిస్ నుంచి విడదీసి, మధ్యలో 1 ఓము రెసిస్టర్ వేస్తే, దాని మీద కనిపించే ఒక్కొక్క మిల్లీ వోల్టూ ఒక మిల్లీ యాంపియరుకు సమానం. 6ఎల్6జీసీ ప్లేటు సామర్థ్యం 30 వాట్లు. ఊరికే ఉన్నప్పుడు అందులో 60 శాతం, అంటే 18 వాట్లు దాటనివ్వకండి. ఆ 18ని మీరు కొలిచిన ప్లేటు వోల్టేజీతో భాగిస్తే గరిష్ఠ కరెంటు వస్తుంది. బేస్ గిటార్‌కు అంతకంటే కాస్త తక్కువే మేలు. ధ్వని శుభ్రంగా ఉంటుంది, వాల్వులు ఎక్కువ కాలం నిలుస్తాయి. బ్యాలన్స్ కంట్రోల్ రెండు వాల్వులను సమానం చేస్తుందే తప్ప మొత్తం బయాస్‌ను పెంచదు, తగ్గించదు. దానికి బయాస్ సరఫరాలోని రెసిస్టర్ విలువ మార్చాలి.


రాయగడ సౌండ్

నేను స్పీకరు గురించి ఒక్క మాట చెప్పి ఆగుతాను. బేస్‌మన్ 50 అవుట్‌పుట్ 4 ఓములకు తయారైంది. మన దగ్గర డీజే వారి పెట్టెలు ఎక్కువగా 8 ఓములవి. 8 ఓముల స్పీకర్లు రెండు సమాంతరంగా కలిపి 4 చేసుకుని వాడండి. రెండూ కలిపి కనీసం 100 వాట్లకు తట్టుకునేవి తీసుకోవాలి. వాల్వు యాంప్లిఫయర్‌ను గట్టిగా నడిపినప్పుడు అది రాసిన వాట్ల కంటే ఎక్కువే ఇస్తుంది.


బరంపురం బేస్

అందరికీ మరోసారి కృతజ్ఞతలు. కప్లింగ్ కెపాసిటర్ కాలు లేపి చూస్తే 60 వోల్టుల దగ్గర నిలబడింది. రెండో వైపుది సున్నాకు దిగింది కాబట్టి దాన్ని ముట్టుకోలేదు. చెడిన దాన్ని మార్చాక రెండు సాకెట్ల దగ్గరా నెగటివ్ 54 వచ్చింది. 100 ఓముల రెసిస్టర్లు వేయగానే హమ్ చాలావరకు పోయింది. ఇప్పుడు స్పీకరు దగ్గర చెవి పెడితేనే వినిపిస్తోంది.

కొత్త 6ఎల్6జీసీలతో ప్లేటు దగ్గర 462 వోల్టులు ఉన్నాయి. జయపురం వారి లెక్క ప్రకారం గరిష్ఠం 39 మిల్లీ యాంపియర్లకు దగ్గరగా వస్తుంది. బ్యాలన్స్ సరిచేశాక నాకు 35, 34 వచ్చాయి. చీకటి గదిలో గంటసేపు చూసినా ప్లేట్లు ఎర్రబడలేదు. బేస్ గిటార్ నాలుగో తీగ, ఇన్నాళ్లూ బొంగురుగా వినిపించినది, ఇప్పుడు మొదటి నుంచి చివరిదాకా ఒకే లావుతో నిలబడుతోంది. మామ గారికి ఫోనులో వినిపించాను. ట్రెబుల్ కొంచెం తగ్గించమన్నారు, అంటే ఆయనకు ధ్వని గుర్తుకొచ్చిందన్నమాట.

మిగిలింది ట్రాన్స్‌ఫార్మర్. రెండు గంటలు వాయించాక దాని మీద చేయి ఆనించి ఉంచడం కష్టంగా ఉంది. మా వీధిలో రాత్రి పూట కరెంటు 245 వోల్టులు దాటుతోంది. మాస్టారు అన్నట్టు మార్చేయమంటారా?


పర్లాకిమిడి రేడియో

చేతితో తేల్చవద్దు బాబూ, లెక్కతో తేల్చు. ఉదయం యంత్రం పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, ప్లగ్గు తీసి, మెయిన్స్ స్విచ్ వేసి ఉంచి, ప్లగ్గు ఫేజు, న్యూట్రల్ పిన్నుల మధ్య ఓములు కొలిచి రాసుకో. అది ప్రైమరీ వైండింగు రెసిస్టెన్సు. రెండు గంటలు వాయించి, ప్లగ్గు తీసిన వెంటనే మళ్లీ కొలువు. రాగి రెసిస్టెన్సు డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. చల్లగా 20 ఓములు ఉన్నది 24 అయితే వైండింగు 50 డిగ్రీలు పెరిగినట్టు. గదిలో 35 ఉంటే లోపల 85. మామూలు కాగితం, ఎనామెల్ ఇన్సులేషన్ 105 డిగ్రీల వరకు తట్టుకుంటుంది కాబట్టి అప్పుడు జయపురం వారి మాటే నెగ్గుతుంది, ఉంచుకో. పెరుగుదల 65 దాటితే ఉంచవద్దు.

హీటరు వోల్టేజీ కూడా రాత్రి పూట, వాల్వులన్నీ ఉన్నప్పుడు కొలువు. 6.3 మీద పది శాతం, అంటే 6.9 దాటుతుంటే మెయిన్స్ ఎక్కువైనట్టే. ముందొక స్టెబిలైజరు పెట్టి, 230 దగ్గర ఉంచి, మళ్లీ వేడి కొలువు. చాలాసార్లు ఆ 15 వోల్టులే తేడా తెస్తాయి.

మార్చవలసి వస్తే మోటార్ల వైండింగు వారికి కాకుండా, ఆడియో ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టేవారికి ఈ లెక్క రాసి ఇవ్వు: ప్రైమరీ 230, 240 వోల్టులకు రెండు ట్యాపులు, 50 సైకిళ్లు, హెచ్‌టీ (హై వోల్టేజీ వైండింగు) 320-0-320 వోల్టులు, 200 మిల్లీ యాంపియర్లు, బయాస్‌కు 50 వోల్టుల ట్యాపు, హీటరు 6.3 వోల్టులు, 4 యాంపియర్లు, సెంటర్ ట్యాపుతో. ప్రైమరీకి, మిగతా వైండింగులకు మధ్య రాగి రేకు షీల్డు, దాని తీగ చాసిస్‌కు. హీటరు సెంటర్ ట్యాపును చాసిస్‌కు కలిపిన రోజున నువ్వు వేసిన 100 ఓముల రెసిస్టర్లు రెండూ తీసేయాలి. ప్లేటు వోల్టేజీ అప్పుడు 440 దగ్గరికి దిగుతుంది కాబట్టి బయాస్ మళ్లీ కొలవాలి.